ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి బడిలో సహాయక పరికరాలు ఎలా సమకూర్చాలి

మీ క్లాసులో సరిగా చూడలేని, వినలేని, నడవలేని, లేదా ఎంత చెప్పినా అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఆగిపోయే బిడ్డ ఒకరు ఉన్నారనుకోండి. ఏ పరికరం తెప్పించాలి, ఎవరిని అడగాలి అన్నదే ముందు తడుతుంది. ఆ ఆలోచన ఒక వారం పక్కన పెట్టండి. ఈ వారమంతా ఒకటే గమనించండి: ఈ బిడ్డకి బడిలో ఏ పని దగ్గర ఆగిపోతోంది?

పరికరాలు రాకపోవడం ఒక సమస్య అయితే, వచ్చినవి బీరువాలో ఉండిపోవడం అంతకన్నా పెద్ద సమస్య. పంపిణీ రోజున ఫొటో తీసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించి ఇచ్చిన వినికిడి మిషన్ నెల తిరక్కుండానే సెల్లు అయిపోయి ఇంట్లో అటక ఎక్కుతుంది. ఇందులో బిడ్డ తప్పు లేదు, అమ్మానాన్నల తప్పూ లేదు. ఆ పరికరం ఏ పని కోసమో, ఎవరు చూసుకోవాలో ఎవరూ తేల్చకపోవడం వల్ల అలా జరుగుతుంది. కాబట్టి ఇక్కడ తెప్పించడం గురించి కొంత, వాడించడం గురించి ఎక్కువ రాస్తున్నాను. ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో పనిచేసే టీచర్ల కోసం, హెచ్ఎంల కోసం. తల్లిదండ్రులు చదివినా చాలా మంచిది, అడిగే హక్కు వాళ్లకే ఎక్కువ ఉంది.

1. ఆగిపోతున్న పని ఏదో కాగితం మీద పెట్టండి

"దృష్టి లోపం" అని రాస్తే ఏమీ తెలియదు. "మూడో బెంచీ నుంచి బోర్డు కనపడదు, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటే చదువుతుంది, ఎండలోంచి లోపలికి వస్తే కాసేపు ఏమీ కనపడదు" అని రాస్తే, చేయాల్సిన పనులు మూడు అక్కడే దొరుకుతాయి, అందులో రెండింటికి పైసా ఖర్చు ఉండదు. తెలుగు, లెక్కల పీరియడ్లే కాదు, భోజనం వరసలో, ఆటల్లో, బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు కూడా గమనించండి. అమ్మని అడగండి, పక్కన కూర్చునే పిల్లల్ని అడగండి, ముఖ్యంగా ఆ బిడ్డనే అడగండి. "నీకు ఏం ఇబ్బందిగా ఉంది" అంటే చెప్పరు, సిగ్గుపడతారు. "నిన్న నేను బోర్డు మీద రాసింది ఎక్కడిదాకా ఎక్కించుకున్నావు" అంటే చెప్తారు.

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది, టీచర్లు ప్రశ్నలకి జవాబులిస్తూ పోతే బిడ్డకి ఏ రకమైన ఇబ్బంది ఉండొచ్చో ఒక అంచనా వస్తుంది. ఉపయోగమే, కానీ అది గుర్తించడానికి మాత్రమే, వైద్య నిర్ధారణ కాదు. దాన్ని చూసి ఎవరి మీదా ముద్ర వేయకండి.

2. ముందు డాక్టరు, తర్వాత పరికరం

కొంతమంది పిల్లలకి కావలసింది కళ్లజోడు మాత్రమే. కొంతమందికి చెవిలో గుబిలి గట్టిపడి ఉంటుంది, కొంతమందికి చీము కారుతుంటుంది. చీము తగ్గకుండా చెవిలో మిషన్ పెట్టిస్తే ఇంకా పాడవుతుంది. పిల్లల ఆరోగ్యం చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్, అదే మనం ఆర్‌బీఎస్‌కే అంటాం, స్కూలుకి వచ్చినప్పుడు ఈ పిల్లల పేర్లు ముందే రాసి పెట్టుకుని చూపించండి, పైపైన చూసి వెళ్లిపోనివ్వకండి. చూపు బాగా తక్కువున్న పిల్లలకి మామూలు కంటి పరీక్ష చాలదు, ఉన్న చూపుని ఎలా వాడుకోవాలో చెప్పే లో విజన్ విభాగం కావాలి. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆ సేవలు ఉన్నాయి. మానసిక ఎదుగుదలకి సంబంధించినవైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, అదే ప్రాంగణంలో వినికిడికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. నెల్లూరు వైపు వాళ్లకి అక్కడే దివ్యాంగుల కోసం సీఆర్‌సీ, అంటే ఉమ్మడి ప్రాంతీయ కేంద్రం, ఉంది.

3. కాగితాలు

ఈ పని విసుగ్గా ఉంటుంది, కానీ తప్పదు. వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చే సర్టిఫికెట్ (సదరం అంటాం) కావాలి, దాంతోపాటు దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ. ఆంధ్రలో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో స్లాట్ సంగతి కనుక్కోమని తల్లిదండ్రులకి చెప్పండి. చెప్పి ఊరుకోకండి, కూలికి వెళ్లే మనిషి ఒక రోజు పని మానుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్లి, ఏదో ఒక కాగితం లేదని తిరిగొస్తే మళ్లీ వెళ్లడు. ఏమేం తీసుకెళ్లాలో ఒక చీటీ రాసివ్వండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకి 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, బోధన సామగ్రి, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలని 17వ సెక్షన్ చెప్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎక్కడైనా బతిమాలుకునే పరిస్థితి వస్తే పనికొస్తుంది. ఇది దయ కాదు, చట్టం.

బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో ఆ బిడ్డ వివరాలు నింపేటప్పుడు వైకల్యం రకం సరిగ్గా పెట్టారా చూడండి. అక్కడ ఖాళీగా వదిలేస్తే జిల్లా లెక్కల్లో ఆ బిడ్డే లేనట్టు, పరికరాల ప్లానులో పేరు ఎక్కడి నుంచి వస్తుంది? ఆపరేటర్‌కి వదిలేయకుండా మీరే ఒకసారి స్క్రీన్ మీద చూసుకోండి.

ఇంకొకటి, సర్టిఫికెట్ వచ్చేదాకా ఏమీ చేయకుండా కూర్చోకండి. ముందు బెంచీ, పెద్ద అక్షరాలు, బొమ్మల కార్డులు, ఫోన్‌లో రికార్డు చేసిన పాఠం, వీటికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

4. ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

మొదట మండలంలో ఈ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి వెళ్లండి. అక్కడ సహిత విద్య (ఈ పిల్లల్ని అందరితో కలిపి చదివించడం) రిసోర్స్ టీచర్లు ఉంటారు, తెలంగాణలో ఐఈఆర్‌పీలంటాం. మీకు తెలియని విషయాలు చాలా వాళ్లకి తెలుసు, వాళ్లకి మీ క్లాసులో సంగతి తెలియదు, కాబట్టి ఒకసారి మీ బడికే రమ్మని పిలవండి. ప్రభుత్వ బడి విద్య పథకం సమగ్ర శిక్షలో ఒక్కో ప్రత్యేక అవసరాల బిడ్డకి ఏడాదికి 3,500 రూపాయల దాకా సహిత విద్య కింద లెక్క ఉంటుంది. అది బిడ్డ చేతికి వచ్చే డబ్బు కాదు. పరికరాలు, సామగ్రి, ఇతర సేవలు అన్నీ కలిపి వేసుకునే ప్లాను. ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున 10 నెలల స్టైపెండ్ వేరే. రవాణా భత్యం, ఎస్కార్ట్ భత్యం (బిడ్డని బడికి తీసుకొచ్చే మనిషికి) కూడా ఉంటాయి. ఇవి మీ పిల్లలకి వస్తున్నాయా అని ఎంఈఓ ఆఫీసులో అడగండి.

పెద్ద పరికరాలు, అంటే వీల్ చైర్లు, ట్రై సైకిళ్లు, వినికిడి మిషన్లు, కాలిపర్లు (కాలికి ఆసరాగా కట్టేవి), బ్రెయిలీ కిట్లు లాంటివి, ఎక్కువగా దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం కింద, వాటిని తయారుచేసే కాన్పూర్‌లోని అలిమ్‌కో సంస్థ ద్వారా వస్తాయి. ముందు గుర్తింపు శిబిరం పెట్టి కొలతలు తీసుకుంటారు, కొన్ని నెలలకి పంపిణీ శిబిరం ఉంటుంది. గుర్తింపు శిబిరానికి బిడ్డ వెళ్లకపోతే ఆ ఏడాది పోయినట్టే, అందుకని తేదీ తెలియగానే ఇంటికి కబురు పెట్టి, వీలైతే టీచర్ ఒకరు వెంట వెళ్లండి. వైకల్య సర్టిఫికెట్, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఫొటోలు దగ్గర పెట్టుకోండి. మీరు మొదటి మెట్టులో రాసిన కాగితం కూడా తీసుకెళ్లండి, అక్కడ బిడ్డని చూసే నిపుణుడికి దొరికే సమయం చాలా కొద్ది, ఆ కాగితం మీ తరఫున మాట్లాడుతుంది.

చాలామందికి తెలియని ఒక నిబంధన ఉంది. ఏడీఐపీ కింద ఒకసారి పరికరం తీసుకున్నవాళ్లు అదే అవసరానికి మళ్లీ తీసుకోవాలంటే మామూలుగా మూడేళ్లు ఆగాలి, కానీ 12 ఏళ్లలోపు పిల్లలకి ఏడాది చాలు. పిల్లలు పెరుగుతారు కాబట్టి పెట్టిన నిబంధన ఇది. "పోయినసారి ఇచ్చాం కదా" అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

రెండు రాష్ట్రాల్లోనూ వికలాంగుల సహకార సంస్థలున్నాయి, జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో దరఖాస్తుల గురించి కనుక్కోవచ్చు. ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీల అభివృద్ధి నిధులతో ట్రై సైకిళ్లు, వీల్ చైర్లు లాంటివి కొనే వీలుంది. లయన్స్, రోటరీ క్లబ్బులవాళ్లు, విదేశాల్లో ఉన్న ఊరివాళ్లు కూడా సాయం చేస్తారు. అయితే దాత ఇస్తానన్నది తీసుకోకండి, బిడ్డకి కావలసింది అడగండి. ట్యాబ్ ఇస్తామంటారు, మీకు కావలసింది ర్యాంపు అయితే ర్యాంపు అనే చెప్పండి.

5. ఏ బిడ్డకి ఏది

కొంచెం చూపున్న పిల్లలు. చూపు తక్కువ అనగానే బ్రెయిలీ అనుకోకండి. ఉన్న చూపుని వాడుకోనివ్వాలి. నల్ల స్కెచ్ పెన్నుతో రాసిన నోట్సు, లావు గీతల పుస్తకం, 18 పాయింట్ల కన్నా పెద్ద అక్షరాల ప్రింటు, ఇవి ఎక్కువమందికి పనిచేస్తాయి, కానీ ఎంత పెద్ద అక్షరం కావాలో ఒక్కో బిడ్డకి ఒక్కోలా ఉంటుంది, మూడు నాలుగు సైజుల్లో ప్రింటు తీసి చదివించి చూడండి. మెడ వంచి పుస్తకం మీద పడిపోయి చదివే బిడ్డకి ఊళ్లో వడ్రంగి చేత ఏటవాలు చెక్క స్టాండు చేయించండి, మెడ నొప్పి తగ్గుతుంది, ఎక్కువసేపు చదువుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టకండి, వెలుతురు వెనక నుంచి గానీ పక్క నుంచి గానీ రావాలి. బోర్డుని ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూసుకునే అనుమతి ఇవ్వండి, బడిలో ఫోన్ వద్దన్న రూలు ఈ బిడ్డకి పరికరం విషయంలో వర్తించదని స్టాఫ్ మీటింగ్‌లోనే చెప్పేయండి, లేకపోతే ఏదో ఒక పీరియడ్‌లో ఎవరో ఒకరు లాక్కుంటారు. మన ద్విభాషా పాఠ్యపుస్తకాలు లావుగా, బరువుగా ఉంటాయి. బిడ్డ చదివే భాష పేజీలే ఫొటోలు తీసి ట్యాబ్‌లో పెడితే చాలా సుఖం.

పూర్తిగా చూపు లేని పిల్లలు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చేతిలో మాట్లాడే ఫోన్ ఉంది కాబట్టి బ్రెయిలీ అక్కర్లేదని కొందరంటున్నారు. ఒప్పుకోకండి. వినడం వల్ల పాఠం తెలుస్తుంది గానీ స్పెల్లింగ్ తెలియదు. ఏ అక్షరానికి ఏ వత్తు, ఎక్కడ దీర్ఘం, ఎక్కడ పేరా మారింది అన్నది వేళ్ల కింద తగిలితేనే వస్తుంది. చూపున్న పిల్లలకి టీవీ చూపించి చదువొచ్చేసిందని అనం కదా. చిన్న తరగతుల్లో బ్రెయిలీ పలక, స్టైలస్ (చుక్కలు గుచ్చే పుల్ల), మందపాటి కాగితం, లెక్కలకి టేలర్ ఫ్రేమ్ (అంకెల దిమ్మలు అమర్చే గళ్ల పలక), అబాకస్ ఉండాలి. పలక మీద కుడి నుంచి ఎడమకి గుచ్చుతూ రాసి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి, మొదట్లో తికమకగా ఉంటుంది, ఓపిక పట్టండి. బ్రెయిలీ నేర్పడం మీ వల్ల కాకపోతే భవిత కేంద్రం టీచర్‌తో రోజులు మాట్లాడి పెట్టుకోండి.

ఆరు, ఏడు తరగతులకి వచ్చేసరికి ఫోన్ కూడా జత చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే, తెర మీద వేలు పెట్టిన ప్రతిదీ చదువుతుంది. వాడే తీరు మారిపోతుంది, ఒకసారి తాకితే చెప్తుంది, రెండుసార్లు తట్టితే తెరుచుకుంటుంది. టెక్స్ట్ టు స్పీచ్ దగ్గర తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేసి పెట్టండి, లేకపోతే తెలుగు రాగానే మూగబోతుంది. కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. గొంతు కాస్త యంత్రంలా ఉన్నా పిల్లలు వారంలో అలవాటు పడతారు. మీరు కళ్లు మూసుకుని ఒక అరగంట వాడి చూశాకే నేర్పండి.

తెలుగు పీడీఎఫ్‌లతో ఒక చిక్కుంది. చాలావాటిని అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో చేశారు, అవి యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తించే అక్షరాల పద్ధతి) కావు, చూడ్డానికి తెలుగే గానీ స్క్రీన్ రీడర్ చదివితే అర్థం లేని అక్షరాలు వినిపిస్తాయి. పరికరం పాడైందని అనుకోకండి. ఆ పేజీలని ఫొటోగా తీసి గూగుల్ డ్రైవ్‌లో గానీ లెన్స్‌లో గానీ అక్షరాలుగా మార్చవచ్చు, తప్పులు ఉంటాయి, ఎవరైనా ఒకసారి సరిచూడాలి. మీరు రాసే నోట్సు, ప్రశ్నపత్రాలు మొదటి నుంచీ యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధే ఉండదు. అన్నిటికన్నా తేలిక దారి, తొమ్మిదో తరగతి పిల్లల్లో బాగా చదివేవాళ్ల చేత పాఠాలు చదివించి రికార్డు చేయడం. ఒక్కో పాఠం ఒక్కో ఫైలుగా, ఫైలు మొదట్లో పాఠం పేరు, పేజీ నంబరు చెప్పించండి. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో కూడా చూపులేనివాళ్లు చదువుకోగలిగే రూపంలో పుస్తకాలు దొరుకుతాయి, సభ్యత్వం చేయించండి.

వినికిడి తక్కువున్న పిల్లలు. "మేడం, మిషన్ పెట్టుకోనని ఏడుస్తున్నాడు" అని అమ్మ చెప్తే మొండితనం అనుకోకండి. మౌల్డ్, అంటే చెవిలో కూర్చునే అచ్చు, గుచ్చుకుంటూ ఉండొచ్చు, శబ్దం మరీ ఎక్కువ పెట్టి ఉండొచ్చు. చెవి పెరిగేకొద్దీ మౌల్డ్ వదులవుతుంది, అప్పుడు మిషన్ కీచుమని కూస్తుంది. కూత వినిపించిందంటే మొదట మౌల్డ్ చెవిలో సరిగ్గా కూర్చుందా చూడండి, కూర్చున్నా కూస్తుంటే కొత్త మౌల్డ్ చేయించాలని అర్థం. కూస్తోందని సౌండ్ తగ్గించేస్తే బిడ్డకి ఏమీ వినపడదు, పెట్టుకుని లాభం ఉండదు.

రోజూ ఉదయం ఒక్క నిమిషం ఒక పరీక్ష చేయండి. బిడ్డకి మీటరు దూరంలో నిలబడి, నోరు కనపడకుండా కాగితం అడ్డం పెట్టుకుని, ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనే ఆరు శబ్దాలు ఒక వరసలో కాకుండా అటూ ఇటూ మార్చి పలకండి. వినపడినప్పుడు చెయ్యెత్తాలి, లేదా తిరిగి పలకాలి. వీటిని లింగ్ శబ్దాలంటారు, మాటలో ఉండే సన్నని, లావు శబ్దాలన్నీ ఇందులో వచ్చేస్తాయి. నిన్న ఆరూ విన్న బిడ్డ ఈరోజు నాలుగే వింటే సెల్లు అయిపోయిందో, గొట్టంలో చెమ్మ చేరిందో చూడాలి. మిషన్ సెల్లుల మీద స్టిక్కరు ఉంటుంది, అది తీశాక గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది, ఒకటి రెండు నిమిషాలు ఆగి అప్పుడు మిషన్‌లో పెట్టండి. ఒకసారి స్టిక్కరు తీస్తే వాడకపోయినా అయిపోతూనే ఉంటుంది. 675, 13, 312 అని సైజులుంటాయి, మీ బిడ్డది ఏ సైజో రాసిపెట్టుకుని ఒక షీటు ఎప్పుడూ టీచర్ టేబుల్ సొరుగులో ఉంచండి. స్కూలు డబ్బుతో కొనడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఉపయోగపడేది ఇంకొకటి నాకు తెలియదు. వానాకాలంలో రాత్రిపూట సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో పెట్టమని ఇంట్లో చెప్పండి.

మిషన్ ఉన్నా దూరం దూరమే. దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది, దానికి తోడు ఫ్యాను మోత, పక్క క్లాసు గోల. బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటు మానుకోండి, మీ ముఖం మీద వెలుతురు పడేచోట నిలబడండి. నిధులు దొరికితే ఎఫ్ఎం సిస్టమ్ అడగండి, టీచర్ మెడలో మైకు పెట్టుకుంటే మాట నేరుగా మిషన్‌లోకి వెళ్తుంది. చదవడం వచ్చిన పెద్ద పిల్లలకి గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ మీరు మాట్లాడేది తెలుగులో రాసి చూపిస్తుంది. సైగల భాషలో పెరుగుతున్న బిడ్డకి మాత్రం సైగల భాషే ముందు. మీరూ క్లాసు పిల్లలూ రోజుకి కొన్ని సైగలు నేర్చుకోండి.

నడక, చేతుల కదలిక కష్టమైన పిల్లలు. చెప్పులకి సైజు ఉన్నట్టే వీల్ చైర్‌కీ సైజు ఉంటుంది. పెద్దవాళ్ల కుర్చీలో చిన్న బిడ్డని కూర్చోబెడితే ఒకపక్కకి ఒరిగి ఒరిగి వెన్ను వంకర పోతుంది. తుంటికి రెండు పక్కలా వేలు దూరే సందు మాత్రమే ఉండాలి, పాదాలు కింది పలక మీద ఆనాలి. ర్యాంపు వాలు 12కి 1, అంటే అడుగు ఎత్తు అరుగుకి పన్నెండు అడుగుల పొడవు. చాలాచోట్ల స్థలం లేదని నాలుగడుగుల్లో సిమెంటు పోసేస్తారు, దాని మీద కుర్చీ ఎక్కదు, దిగితే పడిపోతుంది. కాంట్రాక్టరు పని మొదలుపెట్టకముందే టేపు పట్టుకుని నిలబడండి. తలుపు వెడల్పు మూడడుగులు ఉండాలి. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి కడ్డీ, తిరగడానికి చోటు లేకపోతే ఆడపిల్లలు పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా కూర్చుంటారు, పెద్దయ్యాక బడే మానేస్తారు. వీల్ చైర్ వచ్చిందా అన్నదానికన్నా బాత్రూమ్ తలుపు దాటుతోందా అన్నదే ముందు చూడండి.

పెన్సిల్ పట్టు చాలని పిల్లలకి పెన్సిల్ చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి, కాగితం జారకుండా అట్టకి క్లిప్పు పెట్టండి. అయినా చేయి నొప్పి పెడుతుంటే ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ నేర్పండి.

మాట రాని, లేదా అర్థం చేసుకోవడానికి ఎక్కువ సమయం పట్టే పిల్లలు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక వైకల్యం ఉన్న పిల్లల్లో చాలామందికి చెప్పాలని ఉంటుంది, దారి ఉండదు. నీళ్లు, బాత్రూమ్, నొప్పి, వద్దు, ఇంకా కావాలి, అమ్మ, ఇలా పది పన్నెండు నిజమైన ఫొటోలు తీసి, లామినేషన్ చేయించి, ఒక అట్ట మీద అంటించి మొదలుపెట్టండి. "వద్దు" బొమ్మ తప్పకుండా ఉండాలి, బిడ్డకి కాదనే హక్కు ఇవ్వకపోతే కొట్టి, కొరికి చెప్తుంది. మీరు మాట్లాడేటప్పుడు కూడా ఆ బొమ్మలు చూపిస్తూ మాట్లాడాలి, బిడ్డ ఒక్కతే వాడాలంటే ఎప్పటికీ వాడదు. బొమ్మలు ఇస్తే ఇక మాట రాదేమో అని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు. అలా జరగదు, మాట వచ్చే పిల్లలకి అది ఇంకా సాయమే అవుతుందని నిదానంగా చెప్పండి. అట్ట బాగా అలవాటయ్యాక ట్యాబ్‌లో యాప్‌కి మారొచ్చు; ఐఐటీ బాంబే వాళ్ల జెల్లో, చెన్నైలో తయారైన అవాజ్ లాంటివి ఉన్నాయి. అయినా అట్ట పారేయకండి, దానికి చార్జింగ్ అక్కర్లేదు.

చదవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లలు, అంటే డిస్లెక్సియా లాంటివి ఉన్నవాళ్లు, నోటితో అడిగితే అన్నీ చెప్తారు, పుస్తకం ఇస్తే బిగుసుకుపోతారు. పాఠాన్ని వింటూ వేలితో గీత వెంట వెళ్లడం, వరసకి వరసకి మధ్య ఎడం ఉన్న ప్రింటు, చదివే వరస మాత్రమే కనపడేలా కోసిన అట్ట, ఇంతే చాలాసార్లు. అందరిముందు పైకి చదవమని నిలబెట్టకండి.

6. నెల రోజులు వాడి చూడండి

పరికరం వచ్చిన రోజు నుంచి నెల రోజులు పరీక్ష కాలం అనుకోండి. ఒకే ఒక పనికి వాడించండి, ఉదాహరణకి భూతద్దం తెలుగు పీరియడ్‌కి మాత్రమే. చిన్న నోట్‌బుక్‌లో తేదీ, ఎంతసేపు వాడింది, ఎక్కడ ఆగింది రాయండి. నెల తర్వాత పని ముందుకన్నా తేలికైందా? కాకపోతే సర్దుబాటు చేయించండి, ఇంకా కాకపోతే వేరేది అడగండి. బిడ్డ వద్దంటే ఎందుకో వినండి. ఎనిమిదో తరగతి ఆడపిల్ల నలుగురిలో ఆ పెద్ద భూతద్దం తీయలేకపోవచ్చు, అదే పని ఫోన్‌తో చేయగలిగితే ఫోనే ఇవ్వండి.

క్లాసు పిల్లలకి మొదటి రోజే చూపించండి. మిషన్ ఎలా పనిచేస్తుందో, కాలిపర్ ఎందుకో చెప్పి, ముట్టుకోనివ్వండి, ప్రశ్నలు అడగనివ్వండి. తెలిశాక వాళ్లే కాపలా కాస్తారు.

7. ఎవరు చూసుకోవాలి

పేరు రాయాలి. "స్కూలు చూసుకుంటుంది" అంటే ఎవరూ చూసుకోరని అర్థం. చార్జింగ్ ఫలానా టీచర్, సెల్లులు ఫలానా టీచర్, ఇంట్లో అక్కో నాన్నో. రిపేరు ఎక్కడ చేయిస్తారో కూడా ముందే అనుకోండి; వీల్ చైర్ పంక్చర్ సైకిల్ షాపులో అవుతుంది, కాలిపర్ బెల్టు తెగితే చెప్పులు కుట్టే ఆయన కుడతాడు, వినికిడి మిషన్ మాత్రం తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. వారంటీ కార్డు ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. పరికరం ఇంటికి పంపిస్తే పాడవుతుందని బడిలో తాళం వేయకండి, ఆ బిడ్డ సాయంత్రం కూడా వినాలి, ఆదివారం కూడా నడవాలి. బిడ్డ పేరు మీద వచ్చింది బిడ్డదే.

8. పరీక్షలు, బడి మారడం

ఏడాదంతా వాడింది పరీక్షలో కూడా ఉండాలి. పదో తరగతికి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే సమయంలోనే స్క్రైబ్ (బిడ్డ చెప్తుంటే రాసిపెట్టే మనిషి), అదనపు సమయం లాంటి మినహాయింపులకి దరఖాస్తు పెట్టండి, మార్చిలో పరుగెత్తితే కుదరదు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకి 20 నిమిషాల అదనపు సమయం అని ఉంది. స్క్రైబ్‌తో రాయడం ఒక విద్య, జవాబుని మనసులో కూర్చుకుని చెప్తూ పోవాలి. యూనిట్ టెస్టుల నుంచే అలవాటు చేయకపోతే అసలు పరీక్షలో తడబడతారు.

ఐదు నుంచి ఆరుకి, పది నుంచి ఇంటర్‌కి బడి మారేటప్పుడు పరికరాలు ఎక్కువగా పోతాయి. టీసీతోపాటు ఒక పేజీ రాసివ్వండి. బిడ్డ ఏ పనికి ఏ పరికరం వాడుతోంది, సెల్లు సైజు ఎంత, మౌల్డ్ ఎప్పుడు మార్చారు, ఎక్కడ కూర్చోబెడితే బాగుంటుంది, రిపేరు ఎవరి దగ్గర, పరీక్షల్లో ఏ మినహాయింపులు ఇచ్చారు, ఇవన్నీ. ఒక కాపీ అమ్మానాన్నలకి ఇవ్వండి, కింద మీ ఫోన్ నంబరు రాయండి. జూన్‌లో కొత్త స్కూలు నుంచి ఫోన్ రాకపోతే మీరే చేయండి.